గోడ మీదికి రాని పాట

డేనియల్ పెండ్లాం గొంతు పోయి ఆరు నెలలైంది. జలుబు చేసి బొంగురు పోయినట్టు గాదు. హైదరాబాద్‌ల పెద్ద దవఖానల క్యాన్సర్ అని గొంతు పెట్టెను కోసి తీసేసిండ్రు. మెడకు ముందర రూపాయి బిళ్లంత తూటు పెట్టిండ్రు. ఆమె పేరు పెర్సిస్. ఆమె ఊపిరి ఇప్పుడు ఆ తూటు నుంచే. లోపట చిన్న మిషన్ లాంటిది పెడితే గరగరమని మాట వస్తదని డాక్టరే చెప్పిండు, ఈమె గొంతుకు అది పట్టదని మల్లా ఆయనే చెప్పిండు. రేపొస్తది, ఎల్లుండొస్తది అని చూసేటందుకు కూడా లేదు. లేదంటే లేదు.

మెదక్‌ల మైక్‌సెట్ డేనియల్ అంటే తెల్వనోళ్లు తక్కువ. ఎనిమిదో తరగతి తప్పిన ఏడు కోను మైకులు సైకిల్‌కు కట్టుకొని తిరుగుడు మొదలుపెట్టిండు. ఎలక్షన్లు, దర్గాల ఉర్సులు, పెండ్లిండ్లు, సువార్త కూటాలు, ఏదీ ఇడువలే. ఇప్పుడు యాభై ఒకటి. మందిమాట పది వాడలకు ఇనిపించిన మనిషి ఇంట్ల ఇయ్యాల మాట లేకుండ పోయెనని అందరూ అన్నరు. ఒకడు రాత అన్నడు, ఒకడు దేవుని పరీక్ష అన్నడు. డేనియల్ కోపమంతా తన మీదనే. ఆపరేషన్‌కు ముందర ఎనిమిది నెలలు పెండ్లాం గొంతు గరగరమంటుంటే, బడిల పిల్లల మీద ఒర్లి ఒర్లి అయిందనుకొని మిరియాల పాలు తాపుకుంట కూసున్నడు. బాక్సుల జర తేడా సౌండ్ వస్తే యాభై అడుగుల నుంచి ఏ వైరు లూజో చెప్పేటోడు, పక్కల పండుకున్న మనిషి గొంతుల తేడా పట్టలేకపోయిండు. ఇంతకంటె చెప్పేదేముంది.

పెర్సిస్‌ది పాపన్నపేట దిక్కు. ప్రైవేటు బడిల చెప్పేది, ఆదివారం పొద్దున చర్చి సంఘం పిల్లలకు పాటలు నేర్పేది. ఆమె పాడుతుంటే డేనియల్ సౌండ్ మిక్సర్ ముట్టేటోడు కాదు. ముట్టేటందుకు ఏం ఉండకపోతుండె. వాళ్లకు పిల్లలు కాలే. అది వేరే సంగతి.

మొన్న డాక్టర్ పరీక్షలన్నీ చూసి, "ఏం లేదు, క్లీన్" అన్నడు. జబ్బు నుంచి లేచినంక ఇటుదిక్కు క్రైస్తవుల ఇండ్లల్ల కృతజ్ఞత కూటం పెడతరు. నలుగురిని పిలిచి, ప్రార్థన చేయించి, అన్నం పెట్టి పంపుతరు. "పెడదామా?" అని డేనియల్ అడిగిండు. పెర్సిస్ మెడల ఒక పలక ఏలాడుతుంటది, చిన్న పిల్లలు రాసి గుంజితే తుడుచుకపోయేది. దాని మీద రాసింది:

"పెడదాం. పాట రాస్త. అందరు పాడాలె."

డేనియల్ చదివిండు. ఆమె గుంజి తుడిచి మల్లా రాసింది: "నేను ఇనాలె."

అంతే ఆమె అడిగింది. ఆరు నెలల్ల ఆమె అడిగిన మొదటి కోరిక అదే. చీర గాదు, సినిమా గాదు, ఏ ఊరు గాదు.

పాట నాట్లేసేటప్పుడు పాపన్నపేట ఆడోళ్లు పాడే వరసల కట్టింది. ఆ వరస ఇక్కడ అందరికీ నోటికొచ్చిందే, మాటలు అందితే చాలు పాడుతరు. పల్లవి ఇట్లుంది:

మాట దీసుకున్న తండ్రీ, పాట మాత్రం నాకు ఉంచు
నోరు నాది మూగబోతె, నా వాళ్ల నోట పాడించు

డేనియల్ అది చదివి బయటికి పోయి, ఏం పని లేకున్నా గంటసేపు కేబుళ్లు చుట్టిండు.

మాటలు అందాలంటే గోడ మీద పడాలె. ఇప్పుడు పాటల పుస్తకం పట్టుకునేటోళ్లు తక్కువైండ్రు. ప్రొజెక్టర్ పెట్టి గోడ మీద అక్షరాలేస్తే తలకాయలెత్తి పాడుతరు. ప్రొజెక్టర్ టెంట్‌హౌస్ మోహసిన్ ఇస్తనన్నడు. ల్యాప్‌టాప్ ముందునుంచే ఇంట్ల ఉన్నది. పెర్సిస్ దగ్గర చదువుకున్న రాకేష్ అనే పిలగాడు ఇప్పుడు తూప్రాన్‌ల ఒక గోదాంల నౌకరీ చేస్తడు. "టీచరమ్మ టైపు కొట్టుకుంటనన్నా మాట్లాడుతది" అని తన పాతది తెచ్చిచ్చిండు.

"విండోస్ దీంట్ల నడువది అన్నా, ముసల్దైంది. లినక్స్ ఏసిన" అన్నడు.

"గదేందిర, మందుగోలి పేరు లెక్కున్నది?"

"మందుగోలే అనుకో. ముసల్దానికి ఏస్తే లేచి ఉరుకుతుంది."

ఉరికింది నిజమే. కాని దానికో రోగం ఉండె. పాటంటే ఊకె కొట్టుకుంట పోవుడు గాదు గదా. పెర్సిస్ ఒక చరణం కొట్టి, రెండోదానికి కండ్లు మూసుకొని ఆలోచన చేస్తది. ఐదు నిమిషాలకు తెర నల్లగైతది. ముట్టుకుంటే పాస్‌వర్డ్ అడుగుతది. పాస్‌వర్డ్ కొడితే తెర తెరుచుకుంటది, అప్పటికి తలకాయల ఉన్న లైను పోతది. రోజుకు పదిసార్లు ఇదే. ఆమె పలక మీద "లాక్" అని రాసి, దాని కింద రెండు గీతలు కొట్టి డేనియల్ ముందర పెట్టేది. డేనియల్ ఫోన్ తీసేటోడు.

"అన్నా, సెట్టింగ్స్ తెరువు" అన్నడు రాకేష్ అవతలి నుంచి.

"తెరిసిన."

"ఎడమ దిక్కు పవర్ అని ఉంటది."

"కరెంటా?"

"ఆ, కరెంటే. దాంట్ల స్క్రీన్ బ్లాంక్ అని ఉంటది. ఐదు నిమిషాలు అని చూపిస్తుందా?"

"చూపిస్తుంది."

"దాన్ని నెవర్ చెయ్యి."

"నెవర్ అంటే?"

"ఎన్నడు వద్దు అని."

"చేసిన. దాని కింద ఇంకోటున్నది. ఆటోమేటిక్ సస్... సస్పెండ్. ఎవల్ని సస్పెండ్ చేస్తది ర ఇది?"

"దాన్నదే అన్నా. అంటే పండుకుంటది. దాంట్ల రెండుంటయి. ప్లగ్గుల ఉన్నప్పటిది ఒకటి, బ్యాటరీ మీద ఉన్నప్పటిది ఒకటి. ప్లగ్గుది బంద్ చెయ్యి. బ్యాటరీది పదిహేను నిమిషాలుంటది, ముట్టకు. ఎప్పుడన్నా మరిచి వదిలేస్తే ఉత్తగ బ్యాటరీ సస్తది. నువ్వెట్లైనా ప్లగ్గుల పెట్టే నడిపిస్తవు గదా."

"ప్లగ్గు ఇడిచి యాడికి పోత ర? నా బతుకే ప్లగ్గు."

ఆ రోజు నుంచి లాక్ పడలే. పెర్సిస్ అరగంట కండ్లు మూసుకున్నా తెర అట్లనే ఎదురు చూసింది.

రెండో రోగం రంగుది. ఆపరేషన్ అయినంక ఆమెకు ముప్పై మూడు రోజులు కరెంటు, అదే రేడియేషన్, పెట్టిండ్రు. అప్పటిసంది తెల్లటి వెలుగు చూస్తే తలకాయ పగులుతదంటది. ల్యాప్‌టాప్‌ల డార్క్ అనేది ఉంటదని ఆమెనే దేవులాడి నొక్కింది. సగం నల్లగైనయి, సగం మాటినలే. పాట కొట్టే పేజీ మాత్రం కొత్తగ సున్నమేసిన గోడ లెక్క తెల్లగనే మెరిసింది. మల్లా రాకేష్‌కు ఫోన్.

"బయట చెప్తే దానికి ఇనబడది అన్నా. దాని లోపట దానికి వేరే థీమ్ ఉంటది. లోపటికి పోయి చెప్పాలె."

"ఒక్క ఇంట్ల ఉండి ఒక్క మాట ఇనయా ఇవి?"

"నీ దోస్తులు ఇంటరా? గట్లనే."

లోపటికి పోవుటానికి రెండు రోజులు పట్టింది. ఇంగ్లీషుల ఉన్న ఒక్కో మాట డేనియల్ కూడబలుక్కొని చదువుడు, అవతల రాకేష్ "అది గాదు, దాని పక్కది" అనుడు. వైరింగ్ అయితే టెస్టర్ పెడితే తెలుస్తది, దీనికి టెస్టర్ యాడ పెట్టాలె అని డేనియల్ మస్తు పరేషాన్ అయిండు. చివరికి బంద్ చేసి తెరిస్తే కాగితం నల్లగైంది. పెర్సిస్ కండ్లు సల్లబడ్డయి. కాని పాట కనబడలే. రాకేష్ ఏనాటివో పాటల ఫైలు ఇచ్చి "దీని మీదనే కొట్టు టీచరమ్మా" అన్నడు, దాంట్ల అక్షరాలు నల్లవి. నల్లదాంట్ల నల్లవి కలిసిపోయినయి.

ఈసారి డేనియల్ ఫోన్ చెయ్యలే. అన్నీ ఒక్కసారి పట్టి, పైన రంగుల డబ్బా తెరిచి, తెలుపు నొక్కిండు. నాలుగు చరణాలు పొద్దున చుక్కల లెక్క మెరిసినయి. బతుకుల మొదటిసారి కంప్యూటర్ రిపేర్ చేసిండు. పెర్సిస్ పలక మీద రాసింది: "మొద్దు గాదు."

పెండ్లైన కొత్తల నుంచి ఆమె ఆయన్ను మొద్దు అనే పిలిచేది. ఆ రాతను డేనియల్ ఆ పూటంతా తుడువనియ్యలే.

కూటం శనివారం పదకొండు గంటలకు, సంఘం హాల్ల. అరవై మంది దాకా వచ్చిండ్రు. కిటికీలకు పరదాలేసి చీకటి చేసిండ్రు. మోహసిన్ తన చేత్తోనే ప్రొజెక్టర్ పెట్టి, "భాభీ ప్రోగ్రాం, దీనికి కిరాయి అడిగితే నా మొఖాన ఉమ్ముండ్రి" అని బయట బగారన్నం వండుతున్న గంజుల దిక్కు పోయిండు. పొద్దుననే పెర్సిస్ ఒక అక్షరం దిద్దింది. పల్లవిల "తండ్రి" అని పడ్డది, పిలుస్తున్నప్పుడు "తండ్రీ" గదా కావల్సింది. ల్యాప్‌టాప్‌ను తెలుగులకు మార్చి, దీర్ఘం పెట్టి, అట్లనే డేనియల్ చేతికిచ్చింది. డేనియల్ ఫుల్‌గ గోడ మీద ఏసి చూసిండు. మొదటి పేజీల పెర్సిస్ ఫొటో, ఆ ఫొటో మీదనే అచ్చేసిన ఒక వచనం. మంచిగ పడ్డయి. సరే అనుకున్నడు. తర్వాతి పేజీ నొక్కి చూడాలని ఆయనకు తట్టలే. ఇంట్ల రోజూ చూస్తున్నదే గదా.

పాపన్నపేట నుంచి పెర్సిస్ చిన్నమ్మ వజ్రమ్మ షేర్ ఆటోల వచ్చింది. డెబ్బై ఏండ్ల మనిషి. ఆ నాటు వరస పెర్సిస్‌కు చిన్నప్పుడు నేర్పింది ఆమెనే. "నా బిడ్డ కట్టిన పాటను నేను ముందర ఎత్తుకోవాలె, ఇంకెవలు ఎత్తుకున్నా మర్యాదుండది" అని మొదటి వరసల కుర్చీ గుంజుకొని కూసున్నది. ఆమెకు చదువు రాదు. పక్కనోళ్లు గోడ మీదిది చదివి అందిస్తే ఎత్తుకుంటదట.

గాబ్రియేలు సార్ లేచిండు. ఆయన రిటైరైన హెడ్‌మాస్టర్, సంఘ పెద్ద. ముందు ప్రార్థన, దాని ఎన్క పాట, దాని ఎన్క వాక్యం అని చెప్పిండు. మైక్ చేతికి తీసుకున్నడు. అప్పుడే బాక్సులల్ల "గుంయ్" మని మోత.

డేనియల్‌కు ఆ మోత ఎక్కడిదో చూడకుండనే తెలుసు. ల్యాప్‌టాప్ చార్జర్‌ది. ఏ పెండ్లిల అయినా ల్యాప్‌టాప్ పాట ఆంప్లిఫయర్‌కు కలిపితే చార్జర్ మోత బాక్సులకు ఎక్కుతది. మైక్‌సెట్ వాళ్లందరూ చేసేది ఒక్కటే, చార్జర్ పీకేస్తరు. ఆయన చెయ్యి దానంతటదే పోయి పీకేసింది. మోత ఆగింది. హాలంతా సల్లగైంది. గాబ్రియేలు సార్ మెచ్చుకున్నట్టు ఆయన దిక్కు తలకాయ ఊపి, కండ్లు మూసుకున్నడు.

గాబ్రియేలు సార్ ప్రార్థన సంగతి మెదక్‌ల తెల్వనోళ్లు లేరు. పెర్సిస్‌ను బతికించినందుకు మొదలుపెట్టిండు. డాక్టర్లకు, నర్సులకు, వాళ్ల ఇండ్లోళ్లకు దీవెన అడిగిండు. ఘనపురం ఆనకట్టకు నీళ్లడిగిండు. ఎల్దుర్తిల కొత్తగ కడుతున్న మందిరానికి కప్పు అడిగిండు. పరీక్షలు రాసే పిల్లలను, డ్రైవర్లను, విధవరాండ్లను, దేశాన్ని ఏలేటోళ్లను ఒక్కొక్కళ్లను పట్టి దేవుని ముందర నిలబెట్టిండు. అందరూ కండ్లు మూసుకున్నరు. డేనియల్ ఒక కన్ను జరంత తెరిచి గోడ చూసిండు.

గోడ మీద పెర్సిస్ ఫొటో లేదు. నీలం రంగు, నడుమ "నో సిగ్నల్" అని ఉన్నది. ప్లగ్గు పీకి పదిహేను నిమిషాలు దాటింది, ల్యాప్‌టాప్ పండుకున్నది.

ల్యాప్‌టాప్ ఆయన చేతికి రెండడుగుల దూరంల ఉండె. కదిలితే అందుతది. కాని పోయినేడు ఒక ప్రార్థనల మైక్ స్టాండు సరిచేసినందుకు, ఆమెన్ అయినంక గాబ్రియేలు సార్ "దేవుని ముందర కుదురుగ నిలబడలేనోడు సౌండ్ ఎట్ల కుదురుగ పెడతడు?" అన్నడు. అదీ డేనియల్ మైకులనే అన్నడు. అందరూ నవ్విండ్రు. ఆ మాట గుర్తొచ్చి డేనియల్ ల్యాప్‌టాప్ జోలికి పోలే. తెరే గదా, ఆమెన్ అయినంక ముట్టుకుంటే లేస్తది అనుకున్నడు. కన్ను మూసుకున్నడు.

ఆమెన్ అయింది. ముట్టుకున్నడు. లేచింది. పాస్‌వర్డ్ అడిగింది.

కొట్టిండు. తప్పన్నది. చెమట చేతులు గదా అని ప్యాంటుకు తుడుచుకొని మల్లా కొట్టిండు. తప్పు. గోడ మీద అరవై మంది ముందర నల్ల చుక్కలు పడుతున్నయి, పోతున్నయి. పెర్సిస్ లేచొచ్చి ఆమెనే కొట్టింది. తప్పు. కాసేపు ఆగి మల్లా ప్రయత్నం చెయ్యాలన్నది. ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.

"క్యాప్స్ లాక్ చూడండ్రి" అన్నరు ఒకరు.

"అది గాదు, పుట్టిన తేదీ కొట్టుండ్రి, అందరు గదే పెట్టుకుంటరు" అని ఎన్కల నుంచి ఇంకొకరు.

మోహసిన్ తలుపుల నుంచి తలకాయ పెట్టి, "ఒకసారి బంద్ చేసి ఆన్ చెయ్ భాయ్" అన్నడు. అది చేస్తే తెరుచుకునేదే కావచ్చు. కాని పొద్దున దిద్దింది సేవ్ చేసిందో లేదో పెర్సిస్‌కు యాది లేదు. బంద్ చేస్తే పాటే పోతదని డేనియల్ భయం. పవర్ బటన్ మీద పెట్టిన ఏలు ఎన్కకు తీసుకున్నడు. రాకేష్‌కు ఫోన్ కలిపిండు. స్పీకర్ల పెట్టిండు. పరేషాన్ల పక్కనే మైక్ ఆన్‌ల ఉన్నది చూసుకోలే. రాకేష్ గొంతు నాలుగు బాక్సులల్ల మోగింది.

"అన్నా, డ్యూటీల ఉన్న, జల్ది చెప్పు."

"లాక్ పడ్డది ర. పాస్‌వర్డ్ కొడితే తప్పంటుంది."

"ఏం కొడుతున్నవ్? చెప్పు, ఒక్కో అక్షరం చెప్పు."

"అది... ఎందుకులే."

"అన్నా, సూపర్‌వైజర్ చూస్తుండు. సిగ్గుపడకు, చెప్పు!"

డేనియల్ గొంతు తగ్గించి చెప్పిండు. బాక్సులు తగ్గించలే. "నా మొద్దు. అంతా చిన్న అక్షరాలు."

హాలు మొత్తం భగ్గుమని నవ్వింది. గాబ్రియేలు సార్ కూడా రుమాలు నోటికి పెట్టుకున్నడు. పెర్సిస్ మొఖం చేతులల్ల దాచుకొని నవ్వింది, ఆమె నవ్వు చప్పుడు చెయ్యదు, భుజాలు మాత్రమే ఊగినయి.

"బానే ఉంది గదా" అన్నడు రాకేష్. "అన్నా, డబ్బా పక్కన చిన్నగ ఈ-ఎన్ అని ఉందా, టీ-ఈ అని ఉందా?"

"టీ-ఈ."

"గదీ సంగతి! తెలుగుల ఉన్నది. టీచరమ్మ రోజూ మల్లా ఇంగ్లీషుకు తిప్పేది, ఇయ్యాల మరిచినట్టుంది. నువ్వు ఇంగ్లీషనుకొని కొడుతున్నవు, అది తెలుగు అక్షరాలు తింటుంది. చుక్కలే గదా, కనబడది. విండోస్ గుర్తున్న బటన్, స్పేస్, రెండూ కలిపి ఒత్తు. ఈ-ఎన్ వస్తది. కొట్టు."

ఒత్తిండు. కొట్టిండు. తెరుచుకున్నది. పెర్సిస్ ఫొటో గోడ మీదికి తిరిగొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టిండ్రు. వజ్రమ్మ గొంతు సవరించుకొని కుర్చీల ముందటికి జరిగింది. డేనియల్ తర్వాతి పేజీ నొక్కిండు.

గోడ తెల్లగైంది. ఉత్త తెలుపు. అక్షరం లేదు.

మల్లా నొక్కిండు. తెలుపు. మల్లా. తెలుపు. నాలుగు పేజీలు, నాలుగూ సున్నపు గోడలే. ఆ తెల్లటి వెలుగుకు పెర్సిస్ కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

"రాకేష్, పాట లేదు ర" అన్నడు డేనియల్. మైక్ ఇంకా ఆన్‌లనే ఉంది.

"లేకుండ యాడికి పోతది? రంగు చూసినవా... సూపర్‌వైజర్ వస్తుండు, పెట్టేస్త" అన్నడు. ఫోన్ కట్టయింది. మల్లా చేస్తే ఎత్తలే. మూడుసార్లు చేసిండు.

ముప్పై ఐదేండ్ల పనిల డేనియల్ చేతులు ఏం చెయ్యాల్నో తెల్వక ఊరికె ఉన్నది ఇదే మొదటిసారి. బాక్సు కాలిపోతే ఇంకో బాక్సు ఉంటది. మైక్ పోతే మనిషి ఒర్లుతడు. పాటే పోతే? కాగితం మీద రాసి పెట్టుకుందామని ఒక్కనాడు అనుకోలే. పెర్సిస్ పలక చేతికి తీసుకున్నది. మొదటి మాట రాసింది. అరవై మందిని చూసింది, ఆ జానెడు పలకను చూసింది. గుంజి తుడిచేసింది.

"ఏమాయె బిడ్డా?" అన్నది వజ్రమ్మ. "గోడ మీద ఏం రాసున్నది? ఎవలన్నా చెప్పుండ్రే."

"ఏం లేదు చిన్నమ్మా" అన్నరు పక్కనోళ్లు.

గాబ్రియేలు సార్ వాచ్ చూసుకున్నడు. చెడ్డ మనిషి గాదు. పెర్సిస్ దగ్గరికొచ్చి మెల్లగ, "తల్లీ, అందరికీ వచ్చిన కృతజ్ఞత పాట ఒకటి పాడుదామా? దేవునికి రెండూ ఒక్కటే" అన్నడు. దేవునికి ఒక్కటే కావచ్చు. పెర్సిస్ పలక మీద "సరే" అని రాసింది. అంతకంటె ఏం రాస్తది?

ఏండ్ల సంది పాడుతున్న పాటే అందరూ గట్టిగ పాడిండ్రు. మస్తు పాడిండ్రు, చప్పట్లు కూడా తాళంల పడ్డయి. వజ్రమ్మ పెదవులు కదపలే. ఆ ఎన్క వాక్యం అయింది, చివరి ప్రార్థన అయింది. మంది అన్నానికి లేచిండ్రు.

హాలు ఖాళీ అయినంక డేనియల్ ల్యాప్‌టాప్‌ను మల్లా లేపి, గోడ మీది ఫుల్ స్క్రీన్ తీసేసిండు. ల్యాప్‌టాప్‌ల ఇంట్ల రోజూ చూసే నల్ల కాగితం వచ్చింది. దాని మీద తెల్లటి అక్షరాలు. నాలుగు చరణాలు, దీర్ఘంతో సహా. ఒక్క అక్షరం పోలే.

అట్లనే నిలబడి చూసిండు. మెల్లమెల్లగ అర్థమైంది. నలుపు కాగితానిది గాదు. నల్ల కండ్లద్దాలు పెట్టుకొని చూసినట్టు, చూసేదానికే నలుపు. కాగితం ఎప్పుడూ తెల్లదే. గోడ మీదికి పోయేటప్పుడు అద్దాలు తీసేసి అసలు కాగితమే పోతది. అటువంటి తెల్ల కాగితం మీద తెల్ల రంగు పోసింది ఆయనే. కంప్యూటర్ రిపేర్ చేసిననుకున్న పూట.

అన్నీ పట్టి నలుపు నొక్కిండు. గోడ మీద ఏసిండు. పాట నిలబడ్డది, పెద్ద పెద్ద అక్షరాలల్ల. బయటికి ఉరికిండు.

"దొరికింది! పాట దొరికింది! జర రాండ్రి లోపటికి!"

అరవై మంది చేతులల్ల ప్లేట్లున్నయి. బగారన్నం పొగలు కక్కుతున్నది. "తిన్నంక అన్నా" అన్నరు. "చేతులు ఎంగిలున్నయి" అన్నరు. గాబ్రియేలు సార్ చీకుతున్న మాంసం బొక్క పక్కకు పెట్టి, "ఆదివారం పాడుదాం లే డేనియలూ, ఆరాధనల. ఇంకా మంచిగుంటది" అన్నడు. వజ్రమ్మ ఏదని చూస్తే గేటు దగ్గర ఆటోల సగం ఎక్కింది. "ఇది పోతే సాయంత్రం దాకా లేదంట బిడ్డా! మల్లొస్త!" అని చెయ్యి ఊపింది. ఆటో కదిలింది.

డేనియల్ లోపటికొచ్చేసరికి పెర్సిస్ గోడ ముందర నిలబడి ఉంది. తెల్లటి వెలుగు మొఖం మీద పడుతున్నా చెయ్యి అడ్డం పెట్టుకోలే. చదువుతున్నది. పెదవులు కదులుతున్నయి. కుడికాలు మెల్లగ నేలకు కొడుతున్నది, నాటు వరస తాళం. డేనియల్‌కు ఆమె పాడుతున్నదని అర్థమైంది.

ఎందుకు చేసిండో ఆయనకే తెల్వది. ఎవరు నోరు తెరిచినా మైక్ అందించే చెయ్యి అది. స్టాండు మీది మైక్ తీసి ఆమె నోటి దగ్గర పెట్టిండు.

గొంతు లేనోళ్ల నోటికి కూడా కొన్ని చప్పుళ్లుంటయి. పెదవులు కలిసి ఇడిచినప్పుడు "ప్" అని, నాలుక పండ్లకు తగిలినప్పుడు "ట్" అని. ఆ చప్పుళ్లు బాక్సులకు పోయినయి. ప్... ట్... ట్... నడుమ నడుమ మెడల ఉన్న తూటు నుంచి ఊపిరి, ఎండాకుల మీద గాలి పోయినట్టు. బయట అన్నం తినేటోళ్ల కోసం పెట్టిన బాక్సుల కూడా అదే మోగింది.

"ఓ డేనియల్ భాయ్!" అని మోహసిన్ ఒర్లిండు బయట నుంచి. "ప్రోగ్రాం ఖతం అయింది గదా, ఇంకా మైక్ టెస్టింగేంది? అన్నమన్నా తిననియ్యి!"

బయట నవ్వులు. "అలవాటు పాడుగాను" అన్నరు ఎవరో.

డేనియల్ బొటనేలు మైక్ బటన్ మీద ఉంది. ఒత్తితే బంద్ అయితది. పెర్సిస్ రెండో చరణంల ఉంది. ఆమెకు బయటి మాటలు ఇనబడ్డయో లేదో, గోడ మీది నుంచి కన్ను తిప్పలే. బయటికి పోయి, ఇది టెస్టింగ్ కాదు, నా పెండ్లాం పాడుతున్నదని చెప్పాలె. ఎట్ల చెప్తడు? ఏమని చెప్తడు? మైక్ ఆమె నోటి నుంచి తియ్యకుండ ఎట్ల పోతడు?

టక్కున చప్పుడు ఆగింది. బయట ఎవరో మెయిన్ వైరు పీకేసిండ్రు. ఆంప్లిఫయర్ మీద ఎర్ర లైటు ఆరిపోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, ప్రొజెక్టర్ వేరే బోర్డు మీద ఉండె, గోడ మీద పాట అట్లనే ఉన్నది.

పెర్సిస్‌కు తెల్వలే. ఆమె మూడో చరణానికి వచ్చింది. డేనియల్ తర్వాతి పేజీ కోసం ఎడమ చేత్తో నొక్కిండు. కుడి చెయ్యి గుంజుతున్నది. సౌండ్ లేని మైక్ ఆమె నోటి కాడ అట్లనే పట్టుకున్నడు.